రెండు కొలువులు చేసినోడికి ఒక్క మంచం దొరకదా?

పటాలంలో పదిహేడేండ్లు. ఇంటికొచ్చినంక మాజీ సైనికుల కోటాలో ఏదో సర్కారు ఆఫీసులో అటెండరుగానో, వాచ్‌మన్‌గానో ఇంకో ఇరవై యేండ్లు. బాన్సువాడ చుట్టుపక్కల మన వాడల్లో ఇట్ల రెండు కొలువులు చేసి ఇంటి పట్టున కూసున్నోళ్లు ఉన్నరు. వాళ్ల గురించి ఊర్లె ఒక మాట నడుస్తది. "వానికేంది, రెండు పింఛన్లు, జేబు నిండ కార్డులు" అంటరు. అర్ధరాత్రి ఛాతిల నొప్పి లేస్తే ఏ కార్డు పట్టుకొని ఏ ఊరి దవాఖానకు పోవాల్నో తెలవక ఆ ఇంట్ల ఎంత తండ్లాట పడతరో ఈ మాట అనేటోళ్లు చూసి ఉండరు.

రెండు పింఛన్లన్న మాట కూడ సగం అబద్ధమే. 2004 సెప్టెంబరు 1 తర్వాత రాష్ట్ర సర్కారు కొలువులో చేరినోళ్లకు పాత పింఛను లేదు, సీపీఎస్ ఉంది. అంటే ఈ కాలంలో రిటైరయ్యే మాజీ సైనికుల్లో చానమందికి నికరంగా నెలనెలా వచ్చేది పటాలం పింఛను ఒక్కటే. ఊరోళ్ల లెక్క వేరు, బ్యాంకు పాసుబుక్కు లెక్క వేరు.

ఇగ కార్డుల సంగతి. రిటైరైన నాడు మెడల దండ వేస్తరు, శాలువ కప్పుతరు, ఫోటో దిగుతరు. "నీకు ఈ వైద్య పథకం వర్తిస్తది, ఇది పట్టుకో, దీన్ని వదిలిపెట్టకు" అని చెప్పే మనిషి మాత్రం ఆ సభలో ఒక్కడు ఉండడు. చదువుకున్నోళ్లకు, పై కులాల ఆఫీసర్లకు ఇది తెలవడానికి చుట్టాలున్నరు, తోటి ఆఫీసర్లున్నరు, హైదరాబాదుల ఫోనెత్తి అడిగే దోస్తులున్నరు. వాడ మనిషికి ఎవరున్నరు? కాబట్టి ఈ పేజీలో కొంచెం విసుగనిపించినా లెక్క లెక్కగా చెప్పుకుందాం.

మాజీ సైనికుల వైద్య పథకం పేరు ఈసీహెచ్ఎస్. 2003 ఏప్రిల్ 1న మొదలైంది. దీనికి పునాది పింఛను. సిపాయికి మామూలు పింఛను రావాలంటే పదిహేనేండ్ల సర్వీసు నిండాలె. 2003 ఏప్రిల్ తర్వాత పింఛనుతో దిగినోళ్లందరికీ ఇది తప్పనిసరి. ఒక్కసారే పైసలు కడితే మొగుడు పెండ్లాలకు బతికున్నన్నాళ్లు నడుస్తది. 2017 డిసెంబరు చివర పెంచిన లెక్క ప్రకారం సిపాయి నుంచి హవల్దారు దాకా 30,000 రూపాయలు, నాయబ్ సుబేదారు నుంచి సుబేదారు మేజర్ దాకా 67,000, ఆఫీసర్లకు 1,20,000. 1996 కంటే ముందు పింఛనుతో దిగినోళ్లు, యుద్ధంలో చనిపోయినోళ్ల భార్యలు ఏం కట్టనవసరం లేదు. వైద్యం ఖర్చుకు ఇంతే అని పైపరిమితి లేదు. ఆధారపడ్డ తల్లిదండ్రులను కూడ చేర్పించుకోవచ్చు, వాళ్ల ఆదాయం నెలకు 9,000 రూపాయలు, దాని మీద కరువు భత్యం దాటకుంటే చాలు. కూలికి పోయి నడుము వంగిన మన అవ్వలకు ఆ పరిమితి దాటే బాధ ఎట్లాగూ లేదు.

సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ లాంటి బలగాల్లో చేసినోళ్లను కూడ ఊర్లె "మిలిట్రోడు" అనే అంటరు. కాని ఈసీహెచ్ఎస్ వాళ్లది కాదు. వాళ్లు కేంద్ర సర్కారు ఉద్యోగుల లెక్కలోకి వస్తరు. రిటైరైతే 1954లో ఢిల్లీలో మొదలైన సీజీహెచ్ఎస్ తీసుకోవాలె. కింది స్థాయి వాళ్లకు నెలకు 250 చొప్పున 120 నెలల చందా ఒక్కసారి, అంటే 30,000 కడితే జన్మంతా చెల్లుతది. మనకు అందే సీజీహెచ్ఎస్ దవాఖానలంటే హైదరాబాదువే. పటాలం మనిషి, బలగం మనిషి ఇద్దరూ ఒకే వాడల పక్కపక్క ఇండ్లల్ల ఉంటరు. ఒకరి సలహా ఇంకొకరు విని చెడిపోతరు.

రాష్ట్ర సర్కారు కొలువుది మూడో దారి. ఉద్యోగుల నగదు రహిత వైద్యం, ఈహెచ్ఎస్, ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చింది, తెలంగాణ వచ్చినంక కూడ కొనసాగింది. దాని పక్కన 1972 నాటి మెడికల్ అటెండెన్స్ రూల్స్ కింద ముందు మన పైసలు పెట్టుకొని తర్వాత బిల్లు పెట్టే పాత పద్ధతి ఉంది. దవాఖాన నుంచి డిశ్చార్జి అయిన ఆరు నెలల్లోపల ఆ బిల్లు పడాలె. 2025లో బకాయిలు రాలేదని ప్రైవేటు దవాఖానలు రెండు మార్లు ఆరోగ్యశ్రీ సేవలే బందు పెట్టినయి. కార్డు చెల్లడమన్నది సర్కారు బాకీ తీర్చడం మీద ఆధారపడి ఉంటదని అప్పుడు అందరికీ కండ్లకు కట్టింది.

ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది, తెలంగాణలో దాని పరిమితిని 2023 డిసెంబరు 9న 10 లక్షలకు పెంచిండ్రు. అది పేదల కార్డు. పింఛను ఉన్నదని రేషన్ కార్డు పోయినోళ్లకు ఆ తలుపు మూసే ఉంటది.

ఇంకొకటి. 2024 అక్టోబరు 29 నుంచి 70 యేండ్లు నిండిన ప్రతి మనిషికి, ఆదాయంతో పని లేకుండ, ఆయుష్మాన్ కింద 5 లక్షల కార్డు ఇస్తున్నరు. ఈసీహెచ్ఎస్‌లో, సీజీహెచ్ఎస్‌లో ఉన్నోళ్లు మాత్రం అదో ఇదో ఒక్కటే ఎంచుకోవాలె. సెంటరు కాడ పిల్లగాడు "తాతా, వేలిముద్ర పెట్టు, ఐదు లక్షలొస్తయి" అంటే పెట్టేస్తరు. దేన్ని వదులుకుంటున్నరో ఎవరు చెప్తరు? ఆయుష్మాన్ పడక పట్టినోడికే, మంచం మీద చేరితేనే పని చేస్తది. బీపీ గోళీలకు, షుగర్ గోళీలకు పనికిరాదు. ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్‌లో రోజూ వాడే మందులు కూడ ఇస్తరు. డెబ్బయి దాటిన మనిషికి మంచం ఖర్చు ఎప్పుడో ఒకనాడు, గోళీల ఖర్చు నెలనెలా. నన్నడిగితే ఈసీహెచ్ఎస్ ఉన్నోడు దాన్ని ఇడిసి ఐదు లక్షల కార్డుకు పోవడమంటే దుడ్డెను చూసి బర్రెను అమ్ముకున్నట్టే.

ఇప్పుడు అసలు చిక్కు. ఈసీహెచ్ఎస్ దరఖాస్తు పెట్టేటప్పుడు వేరే సర్కారు వైద్య పథకం వాడుకుంటలేనని రాసియ్యాలె. రాష్ట్ర కొలువులో ఉన్నన్నాళ్లు ఈహెచ్ఎస్ పేరుంటది. దాంతోటి మనోడు "ఇప్పుడు ఇదుంది గదా, అది తర్వాత చూద్దాం" అనుకుంటడు. పటాలం వదిలిన నాడే కంట్రిబ్యూషన్ పైసలు కోసుకున్నరు, కాని కార్డు చేయించుకోడు. డిశ్చార్జి బుక్కు ఇనుప పెట్టెల అడుగున పడి ఉంటది. ఇరవై యేండ్లు గడుస్తయి.

మా వాడల ఇట్లనే అయింది. రెండో కొలువు నుంచి దిగిన యేడాదికే ఆయనకు పక్షవాతం కొట్టింది. కొడుకు జీపు మాట్లాడుకొని ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకపోయిండు. అక్కడ ఉద్యోగుల కార్డు చూపిస్తే "ఇది ఇప్పుడు తీస్కుంటలేం" అన్నరు. పెట్టెలో ఉన్న పటాలం కాయితాల సంగతి కొడుకుకు తెల్వదు, తండ్రికి నోట మాట లేదు. తొమ్మిది దినాలు. భార్య పుస్తెలతాడు పోయింది, మూడు రూపాయల మిత్తికి అప్పు వచ్చింది. ఎమర్జెన్సీలో పథకంలో లేని దవాఖానలో చేరినా 48 గంటల్లోపల పాలీక్లినిక్‌కు కబురు చేస్తే తర్వాత బిల్లు పెట్టుకోవచ్చన్న రూలు ఉందని నెల రోజులకు తెలిసింది. అప్పటికి ఏం లాభం? బిల్లు పెట్టినా పూర్తి పైసలు రావు, సీజీహెచ్ఎస్ రేట్ల లెక్కనే ఇస్తరు. అయినా సగం అప్పు తీరేది. ఆయన ఇప్పుడు చెయ్యి లేవకుండ అరుగు మీద కూసుంటడు. ఈ తప్పు ఆయనదని ఎవరన్నా అంటే నేనొప్పుకోను. ముప్పై ఏడేండ్లు సెల్యూట్ కొట్టించుకున్న రెండు సర్కార్లలో ఒక్కటన్నా ఆ మనిషిని కూసోబెట్టి పావుగంట చెప్పలేదు.

కాయితాల్లో పేర్ల సంగతి ఇంకో పెద్ద రోత. మన పేర్లు మనం రాసుకున్నయి కావు. బడిపంతులు ఒక తీరు రాసిండు, పటాలంలో భర్తీ క్లర్కు ఇంగ్లీషులో తన నోటికొచ్చిన తీరు రాసిండు, ఎమ్మార్వో ఆఫీసులో ఇంకో తీరు, ఆధార్ సెంటరు కాడ మరో తీరు. భూమయ్యకు ఒకచోట అక్షరం ఎక్కువ, ఒకచోట తక్కువ. ఆడోళ్లదైతే మరీ అన్యాలం. పెండ్లయిన కొత్తల పటాలం రికార్డుల "లచ్చవ్వ" అని ఎక్కిచ్చిండ్రు. ఆధార్‌ల "లక్ష్మి" అయింది. రాష్ట్ర సర్వీసు రిజిస్టరుల "లక్ష్మీబాయి" అని ఉంది. ముగ్గురూ ఒక్కతే అని లచ్చవ్వ చెప్పినా కంప్యూటరు నమ్మదు. దాన్ని సరిచేయాలంటే రికార్డు ఆఫీసుకు రాయాలె, పార్ట్ టూ ఆర్డర్ కావాలె, పీపీఓలో దిద్దించాలె. ఆ రికార్డు ఆఫీసు బాన్సువాడల లేదు, ఏ రెజిమెంటుదైతే ఆ రెజిమెంటు ఊర్ల ఉంటది, దేశంలో ఏ మూలనన్నా. పై కులపాయనకు తాత పేరు, ఇంటిపేరు, గోత్రంతో సహా నాలుగు తరాల నుంచి ఒక్క తీరుగ రాసి ఉంటది. మనకు పేరులో ఒక్క అక్షరం దిద్దుకోవడానికి యేడాది పడతది. మొగుడు బతికుండగా ఈ పని చేయకుంటే ముండమోసిన తర్వాత ఆమె ఒక్కతే ఆ గుమ్మాలన్నీ ఎక్కాలె.

ఇంతా అయి కార్డు చేతికొస్తే అందులో ఏముంది? ఏ వార్డులో పడుకోవాల్నో ఉంది. హవల్దారు దాకా జనరల్ వార్డు, సుబేదార్లకు సెమీ ప్రైవేటు, ఆఫీసర్లకు ప్రైవేటు గది. సరిహద్దుల మంచు అందరి మీద ఒక్క తీరుగనే పడ్డది గదా! కిడ్నీ చెడితే హవల్దారు కిడ్నీ వేరు, కర్నల్ కిడ్నీ వేరు అవుతదా? ఎక్కువ కట్టినోడికి మంచి గది అని వాదిస్తరు. ఎక్కువ ఎందుకు కట్టగలిగిండు? ఎక్కువ జీతమొచ్చే హోదా ఉండె గనుక. ఆ హోదాకు ఎవరు ఎదుగుతరు, ఎవరు ట్రేడ్స్‌మన్‌గా దిగుతరు? పటాలంలో ఇప్పటికీ బట్టలుతికేది, జుట్టు కత్తిరించేది, పాకీ పని చూసేది వేరువేరు ట్రేడ్‌లుగా భర్తీ చేస్తరు. సఫాయివాలా అన్న పేరు తీసి హౌస్‌కీపర్ అని పెట్టిండ్రు. ఊర్లె ఉన్న పనే యూనిఫారం వేసుకొని వచ్చింది. ఊర్లె బావి కాడ ఉన్న వరుస దవాఖాన వార్డులోకి కూడ నడిచొచ్చింది.

రెండు కొలువుల బతుకు మనకు కొత్త కాదు. బాబాసాహెబ్ తండ్రి రాంజీ సక్పాల్ పటాలంలో సుబేదారు, సైనిక బడిలో హెడ్‌మాస్టరు. పింఛను మీద దిగినంక కూడ ఇల్లు గడవక సర్కారు పనికే పోయిండు. సతారా జిల్లా గోరేగావ్‌లో కరువు పనికి తవ్వుతున్న చెరువు కాడ క్యాషియరుగ చేసిండు. 1901లో చిన్నపిల్లలు ఆయన కాడికి పోతుంటే మసూర్ స్టేషన్ల బండివాళ్లు అంటు అని బండి కట్టలేదన్న ముచ్చట మనందరికీ తెలుసు. సుబేదారు పింఛను, సర్కారు క్యాషియరు నౌకరి, రెండూ కలిసినా ఆ పిల్లలను ఎక్కించుకొని తోలే బండివాడు దొరకలేదు. అదే పిల్లగాడు 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసిండు. కార్మికుల ఆరోగ్య బీమా మీద అదార్కర్ నివేదిక 1944లో ఆయన శాఖ కిందనే వచ్చింది, దాని మీదనే 1948లో ఈఎస్ఐ చట్టం అయింది. చందా కట్టే మనిషికి వైద్యం హక్కుగా రావాలన్న ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో మనోళ్లు యాదిల పెట్టుకోవాలె.

ఆ ఈఎస్ఐ సంగతి కూడ ఇక్కడనే చెప్పాలె. అటెండరు పక్కనే అవుట్‌సోర్సింగ్ కింద చీపురు పట్టే అక్క ఉంటది. ఆమెది సర్కారు పనే, సర్కారు కొలువు కాదు. ఆమెకు ఈహెచ్ఎస్ రాదు. ఏజెన్సీవాడు నిజంగ ఈఎస్ఐ కడుతుంటే, ఐదేండ్లు బీమాలో ఉండి వయసు మీద రిటైరైతే, యేడాదికి 120 రూపాయలు కట్టి తనకూ తన పెనిమిటికీ ఈఎస్ఐ వైద్యం కొనసాగించుకోవచ్చు. 120 రూపాయలు! ఈ రూలు ఏ గోడ మీదనన్నా రాసి ఉందా? కోసుకున్న పైసలు ఈఎస్ఐలో పడుతున్నయో, ఏజెన్సీవాని జేబుల పడుతున్నయో నెలనెలా అడగాలె. అడిగితే పని పోతదని భయం. అందుకే ఒక్కరు అడగొద్దు, పదిమంది కలిసి అడగాలె.

ఇగ రేపటి సంగతి ఇంకా ఘోరం. 2022 జూన్ 14న అగ్నిపథ్ ప్రకటించిండ్రు. మూడు దినాలకు సికింద్రాబాద్ స్టేషన్ తగలబడ్డది, పోలీసు కాల్పుల్లో ఒక పిల్లగాడు చచ్చిపోయిండు. నాలుగేండ్లు చేయించుకొని నూటికి డెబ్బయి ఐదు మందిని ఇంటికి పంపుతరు. పింఛను లేదు, మాజీ సైనికుడన్న హోదా లేదు, ఈసీహెచ్ఎస్ లేదు. సర్వీసుల ఉన్నప్పుడు 48 లక్షల జీవిత బీమా ఉంటది, దిగినంక అది కూడ పోతది. మొదటి దండు 2022 చివర, 2023 మొదట్ల శిక్షణకు పోయింది. నాలుగు కలిపి చూసుకోండ్రి. మన వాడల పొద్దున లేచి నిజాంసాగర్ కాలువ కట్ట మీద ఉరికే పిల్లలున్నరు. వాళ్లను ఉరకొద్దనను. కాని "మిలిట్రీ అంటే జన్మంత దవాఖాన ఫ్రీ" అని తండ్రులు చెప్పే మాట పిల్లలకు చెల్లదని తెలిసి ఉరకాలె.

గ్రాట్యుటీ పైసలు ఖాతాల పడ్డ వారానికే బీమా ఏజెంటు ఇంటికొస్తడు. 2025 సెప్టెంబరు 22 నుంచి సొంత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ ఎత్తేసిండ్రు కాబట్టి "ఇప్పుడు సస్త" అంటడు. పాలసీ కొనొద్దని నేను చెప్పను. కాని ఉన్న రోగానికి మూడేండ్ల దాకా పైసలియ్యకుండ ఆపే షరతు కంపెనీ పెట్టుకోవచ్చు. అరవై యేండ్లోడికి ఉన్న రోగాలే గదా అసలు రోగాలు! ముందు చేతిలో ఉన్న హక్కు కార్డు చేయించుకొని, తర్వాత మిగిలిన పైసలుంటే ఏజెంటు మాట వినాలె.

ఇగ దూరం సంగతి. బాన్సువాడకు రైలు లేదు. ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్ అంటే బస్సెక్కి నిజామాబాద్ పోవాలె. పెద్ద రోగమైతే అక్కడ రిఫరల్ కాయితం రాయించుకొని మళ్లా ఇంకో ఊరు పోవాలె. మోకాళ్లు అరిగిన మనిషి బీపీ గోళీల కోసం ఒక దినం, బస్సు కిరాయి, పక్కన తోడొచ్చే కొడుకు కూలి పోగొట్టుకుంటడు. మూడు మార్లు పోయి నాలుగోసారి మెడికల్ షాపుల కొనుక్కుంటడు. బాన్సువాడల సర్కారు ఏరియా దవాఖాన ఉంది, డాక్టర్లు ఉన్నరు. ఆ డాక్టరు రాసిన కాయితాన్ని పాలీక్లినిక్ రిఫరల్‌గా ఎందుకు ఒప్పుకోకూడదు? ఢిల్లీ సర్కారు దవాఖాన, హైదరాబాద్ సర్కారు దవాఖాన అని రోగి నాడి చూసేటప్పుడు తేడా ఏముంది? నెలకు రెండు దినాలు పాలీక్లినిక్ డాక్టరు మందులతో ఇక్కడికి వచ్చి కూసుంటే ఏం పోతది? వ్యాను కొనడానికి పైసలు లేవంటే నమ్మే మాటేనా!

ఎస్సీ ఉద్యోగుల సంఘాలకు ఒక మాట. ప్రమోషన్ల మీద, రోస్టర్ల మీద మీరు కొట్లాడుతున్నరు, కొట్లాడాల్సిందే. కాని నాలుగో తరగతి ఉద్యోగి రిటైరయ్యే ఆరు నెలల ముందు అతని సర్వీసు రిజిస్టరు, డిశ్చార్జి బుక్కు, ఆధార్ పక్కపక్కన పెట్టి చూసే మనిషి మీ సంఘంలో ఒక్కడన్నా ఉండాలె. రిటైరైనంక ఏ పథకంలో ఉంటున్నడో రెండు ఆఫీసులకూ రాసిచ్చి, రసీదు తీసుకోవాలె. ఒకే రోగానికి రెండు పథకాల్లో బిల్లు పెట్టొద్దని కూడ చెప్పండ్రి. తెలవక పెట్టినోడి మీద కూడ మోసం కేసు పడతది, ఆ కేసుకు మనోడే మొదలు దొరుకుతడు.

నవంబరులో పింఛనుదార్లు బతికున్నమని కాయితమిచ్చే కాలం. అందరూ ఎట్లాగూ బ్యాంకు కాడికో మీసేవ కాడికో వస్తరు. ఆ నెలల ఒక ఆదివారం బాన్సువాడ అంబేద్కర్ విగ్రహం కాడ బల్ల వేసుకొని కూసుందాం. నిజామాబాద్ సైనిక సంక్షేమ కార్యాలయం నుంచి ఒక మనిషిని పంపమని ఇప్పుడే అర్జీ పెట్టాలె. వచ్చేటోళ్లు డిశ్చార్జి బుక్కు, పీపీఓ, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు, రాష్ట్ర కొలువు చేసినోళ్లైతే ఆ రిటైర్మెంట్ ఉత్తర్వు తెచ్చుకోండ్రి. భార్యను వెంట తీసుకొని రండ్రి. ఆమె పేరు ఆమె నోటితోనే చెప్పనియ్యండ్రి, అదే రాయించుదాం.